రంగు పోలేదు.. మబ్బు పట్టిందంతే!

పాత బండికి ఫుల్ పెయింట్ కొట్టించే ముందు ఒక చెంబు నీళ్లు, ఒక తెల్ల గుడ్డతో పరీక్ష

బొమ్మసంద్ర: ఆయుధ పూజ నాలుగు రోజులుందనగా బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో ఎక్కడ చూసినా బకెట్లే. లోపల మిషన్లు కడుగుతుంటారు. గేటు బయట బళ్లు కడుగుతుంటారు. పాత మారుతి 800 మీద నీళ్ల పైపు పెట్టగానే ఎర్ర రంగు ఒక్కసారిగా నిగనిగలాడుతుంది. షోరూం నుంచి నిన్ననే దిగిందా అన్నట్టుంటుంది. పది నిమిషాలు పోతే నీళ్లు ఆరిపోతాయి. బానెట్ మీద, టాప్ మీద మళ్లీ అదే తెల్లటి పొర. విభూతి పూసినట్టు!

తడిసినప్పుడు కొత్త బండి.. ఆరాక పాత బండి. ఇది చూసి చాలామంది ఉసూరుమంటారు. నిజానికి సంతోషించాల్సిన సంగతి. తడిస్తే రంగు పైకొస్తోందంటే, రంగు అక్కడే ఉందన్నమాట. పైన ఏదో అడ్డం పడింది.

షెడ్డుకు తీసుకెళితే మాత్రం తరచూ వినిపించే మాట ఒకటే. 'ఫుల్ పెయింట్ మాడ్సి బిడి సార్'. బండి మొత్తం రంగు కొట్టించెయ్యండని. చిన్న కారుకైనా పాతిక వేలకు పైమాటే. పని బాగా చేయించాలంటే ఇంకా ఎక్కువ. కుప్పం, పలమనేరు, హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ కంపెనీల్లో పనిచేసుకునేవారికి ఇది చిన్న మొత్తం కాదు. పైగా బండి పాతబడేకొద్దీ మిగతా ఖర్చులూ తరుముకొస్తాయి. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు ఆర్‌సీ రెన్యువల్ రుసుము ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. ఇన్సూరెన్సు వేరే, పొగ సర్టిఫికెట్ వేరే. అమ్మేద్దామంటే బేరగాడు ముందు చెయ్యిపెట్టేది ఆ తెల్లబడిన బానెట్ మీదే. 'రంగంతా పోయింది కదన్నా' అంటూ ఓ పదివేలు కోసేస్తాడు.

మరి నిజంగా పోయిందా? అది తేల్చుకున్నాకే డబ్బు తీయాలి.

పలక మీద బలపం

చిన్నప్పుడు బడిలో పలక తుడిచిన సంగతి గుర్తుచేసుకోండి. పొడిగుడ్డతో తుడిస్తే పలక బూడిద రంగులో ఉంటుంది. తడిగుడ్డ పెడితే నల్లగా నిగనిగలాడుతుంది. ఆరితే మళ్లీ బూడిదే. బలపం పొడి పలక గరుకులో ఇరుక్కుని వెలుతురును చెదరగొడుతుంది. నీళ్లు ఆ గరుకును కాసేపు పూడుస్తాయి. బండి మీద జరిగేదీ ఇదే.

పెయింటులో ముఖ్యంగా రెండుంటాయి. రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. ఎండలోని అతినీల లోహిత కిరణాలు ఏళ్ల తరబడి ఆ జిగురును కొరికేస్తాయి. జిగురు పోయాక పొడి ఒంటరిదై పైకి తేలుతుంది. వేలితో రాస్తే వేలికి అంటుకునేది అదే. బెంగళూరు చల్లటి ఊరు, ఇక్కడ ఎండేముందని మనవాళ్లకు ఓ నమ్మకం. గాలి చల్లనే కానీ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ ఈ కిరణాల తాకిడి కూడా పెరుగుతుంది. చల్లగా ఉందని నీడ చూసుకోకుండా బండి పెట్టేస్తాం. అనంతపురంలో అయితే చెట్టు కోసం వెతికేవాళ్లం!

ఎండ ఒక్కటే కాదు. బొమ్మసంద్ర, జిగణి లింకు రోడ్డు వైపు ఫ్యాక్టరీ గోడ పక్కన రోజూ నిలిపే బండిపై ఇనుప రజను పడుతుంది. గ్రైండింగ్, వెల్డింగ్ జరిగే షెడ్ల దగ్గర మరీనూ. కంటికి కనపడని ఆ నలుసులు పెయింటులో దిగి అక్కడే తుప్పు పడతాయి. తెల్ల కార్ల మీద సన్నని గోధుమ రంగు చుక్కలు కనిపిస్తే అవే. కడుగుడు నీళ్లేమో బోరువి, లేదా ట్యాంకరువి. ఎండలో కడిగి అలాగే వదిలేస్తే ఉప్పు మరకలు వలయాల్లా మిగులుతాయి. ఇక సిమెంటు దుమ్ము సంగతి ఈ రోడ్డు మీద తిరిగేవారికి చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం మొదలయ్యేదాకా హోసూరు రోడ్డు వెంట ఏళ్లపాటు పనులు సాగాయి. ఇప్పుడు కారు ఇంటి దగ్గర వదిలి మెట్రో ఎక్కేవారికి ఓ చిక్కుంది. నడవని బండి నీడలో ఉంటే సరే, వారమంతా ఎండలో నిలబడితే రంగుకు నడిచే బండికంటే ఎక్కువ దెబ్బ.

గుడ్డ చెప్పే జాతకం

నీళ్ల పరీక్ష ఆశ కలిగిస్తుంది. తీర్పు మాత్రం గుడ్డది. పాత తెల్ల బనియన్ గుడ్డ తీసుకోండి. దానిమీద కాస్త పాలిష్ వేసి, కంటికి ఆనని చోట అరచేతి మేర గట్టిగా రుద్దండి. డోరు కింది అంచు, డిక్కీ మూల లాంటి చోటన్నమాట. తెల్ల కారు అయితే నల్లగుడ్డ వాడాలి.

గుడ్డకు బండి రంగు అంటిందా? మీ అదృష్టం బాగుంది. అది ఒకే పొర పెయింటు. రంగు, మెరుపు రెండూ ఆ పొరలోనే ఉంటాయి. పాత రోజుల్లో వచ్చిన ఎరుపు, తెలుపు లాంటి సాదా రంగుల బండ్లలో ఎక్కువగా ఇదే. పైన చచ్చిన పొరను తీసేస్తే కింద బతికున్న రంగు బయటపడుతుంది.

రంగు అంటకుండా మురికి మాత్రమే వచ్చిందంటే, రంగు మీద గాజులాంటి మరో పొర ఉందని అర్థం. దాన్నే క్లియర్ అంటారు. వెండి రంగు లాంటి మెటాలిక్ రంగులన్నీ, ఈ మధ్య వచ్చిన బండ్లలో చాలామటుకు ఈ పద్ధతే. ఇక్కడ రెండు దారులు. క్లియర్ మసకబారి, సన్నని గీతలు పడి ఉంటే పాలిష్‌కు లొంగుతుంది. అలాకాక పొట్టులా లేచిపోతూ, అంచులు తెల్లగా చిరిగినట్టుంటే పాలిష్ పనిచేయదు. ఎంత రుద్దినా ఆ అంచు ఇంకాస్త లేస్తుంది. అక్కడ రంగు కొట్టించాల్సిందే. అలాగని బండి మొత్తానికి అక్కర్లేదు. బానెట్, టాప్ పోయినా పక్క డోర్లు బాగుండటం మామూలే. ఎండ నెత్తిన పడుతుంది కానీ నడుం మీద కాదు కదా.

మూడో రకం కూడా ఉంది. ముందే ఎవరో రంగు కొట్టించి అమ్మిన బండి. డోరు రబ్బరు మీద, అద్దం బీడింగ్ అంచున రంగు తుంపరలు కనిపిస్తే అనుమానించాలి. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బాడీ మీద తిప్పండి. ఎక్కడైనా పట్టు సడలితే అక్కడ లప్పం దట్టంగా ఉన్నట్టే. లప్పం మీది రంగును మిషన్‌తో రుద్దించడం మంచిది కాదు.

ఈ కాగితమంత మందం కూడా లేదు!

పాలిష్ అంటే రంగుకు ఏదో పూయడం అనుకుంటారు చాలామంది. కాదు, తీయడం. కాంపౌండ్‌లో ఉండే సన్నని గరుకు పొడి పైపొరను అరగదీస్తుంది. అందుకే లెక్క తెలిసి ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమర్‌తో సహా అన్ని పొరలూ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. మీ చేతిలోని ఈ వార్తాపత్రిక కాగితం మందం 60, 70 మైక్రాన్లు ఉంటుంది. పైనున్న క్లియర్ అంతకంటే పలచన, 40 మైక్రాన్లకు అటూఇటూ. ఎండను ఆపే మందు ఉన్నదీ అందులోనే. ఏడాదికి రెండుసార్లు మిషన్ పాలిష్ కొట్టిస్తే బండి మెరుస్తుంది, నిజమే. నాలుగేళ్లకు ఆ రక్షణ పొర అరిగి, ఆ తర్వాత వచ్చే మసకను ఎవరూ బాగుచేయలేరు.

పాత పొరను కాపాడుకోవాలనడానికి ఇంకో కారణం ఉంది. ఫ్యాక్టరీలో ఉత్త బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి మూలమూలకూ పట్టించి, 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పైరంగునూ దాదాపు 140 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. సీట్లు, వైర్లు, ప్లాస్టిక్కు బిగించి ఉన్న బండిని ఏ షెడ్డులోనూ అంత వేడిలో పెట్టలేరు. అందుకే ఎంత మంచి మేస్త్రీ కొట్టినా ఫ్యాక్టరీ రంగు గట్టితనం రాదు. మసకబారిందని దాన్ని గీకి పారేయడమంటే పాత టేకు తలుపు తీసి ప్లైవుడ్డు పెట్టుకోవడమే.

అన్నట్టు ఈ రుద్దుడు ఈనాటిది కాదు. పెయింటింగ్ షెడ్ల బోర్డుల మీద 'డ్యూకో' అన్న మాట చూసే ఉంటారు. అది అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ లక్క పేరు. 1920ల్లో జనరల్ మోటార్స్ ఓక్లండ్ కార్లకు దీన్ని వాడింది. అంతకుముందు వార్నిష్ రంగులు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. డ్యూకో గంటల్లో ఆరేది. కానీ ఆరాక మెరుపు దానంతటదే వచ్చేది కాదు, చేతితో రుద్ది తెప్పించాలి. అంటే రుద్దడం అప్పట్లో రిపేరు కాదు, రంగు పనిలో భాగమే. డ్యూకో పోయింది. పేరు, రుద్దుడు మిగిలాయి.

ఒక ఆదివారం పని

ఒకే పొర పెయింటు అని తేలితే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఓపిక కావాలంతే. ముందు నీడ చూసుకోండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. కార్ షాంపూతో కడగాలి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. గుడ్డను బండి మీద తిప్పిన ప్రతిసారీ మామూలు నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. ఒకే బకెట్టు అయితే తీసిన ఇసుకను మళ్లీ బండికే రుద్దుతాం. మెరుపు మీద సాలెగూడులా కనిపించే గీతలు అలా పడినవే.

కడిగాక తడిమి చూడండి. గరుకుగా తగిలితే ఇనుప రజను, చెట్టు జిగురు ఇంకా ఉన్నట్టు. దానికి క్లే బార్ అని రబ్బరు ముద్దలాంటిది దొరుకుతుంది. షాంపూ నీళ్లు చల్లుతూ మెల్లగా జరిపితే నలుసులన్నీ దానికి అంటుకొస్తాయి. కిందపడితే ఇక వాడొద్దు. మట్టి అంటిన ముద్ద ఉప్పుకాగితంతో సమానం.

ఇక అసలు పని. పూర్తిగా ఎండిపోయిన పాత రంగును ఎకాఎకిన కాంపౌండ్‌తో రుద్దకూడదు. పగిలిన కాలి మడమకు ముందు నూనె పెట్టి నాననిస్తాం కదా, అలాగే. పాత కార్లను ప్రాణంగా చూసుకునే అమెరికా వాళ్లు నూనె శాతం ఎక్కువున్న గ్లేజ్‌ను దట్టంగా రాసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు తుడుస్తారు. ఎండిన పొర కొంత తేమ పీల్చుకుంటుంది, రంగు లోతు తిరిగొస్తుంది. ఆ తర్వాత సన్నరకం పాలిష్. ఒక్కసారికి రెండు జానల చోటే తీసుకోవాలి. గుడ్డ రంగుతో నిండగానే మడత మార్చాలి. ఆ గుడ్డకు అంటేది చచ్చిన పొర. చూసి కంగారుపడొద్దు. అలాగని ప్రైమర్ బూడిద రంగు తొంగిచూసేదాకా రుద్దొద్దు. బాడీ మీద గీతల్లా లేచే అంచుల దగ్గర పెయింటు బాగా పలచగా ఉంటుంది. వాటికి ముందే పేపర్ టేపు అంటించండి.

ఎరుపు గురించి ఒక మాట. ఎర్ర పొడులు కొన్నింటికి ఎండ అసలు పడదు. జిగురే కాదు, రంగే మాడిపోయి గులాబీకి తిరుగుతుంది. పైపొర తీశాక కింద ఎరుపు వస్తే సరి. ఎంత తీసినా గులాబీయే వస్తుంటే అక్కడితో ఆపేయాలి.

క్లియర్ ఉన్న బండికైతే మిషన్ మెరుగు. మిషన్లలోనూ తేడా ఉంది. గుండ్రంగా ఒకేచోట తిరిగే రోటరీ వేగంగా పనిచేస్తుంది, చెయ్యి తిరగనివాడి దగ్గర అంతే వేగంగా కాలుస్తుంది. తిరుగుతూ ఊగే డ్యుయల్ యాక్షన్ నిదానం, కానీ భద్రం. షాపులో ఇచ్చేటప్పుడు 'మందం కొలిచే మీటరుందా' అని అడగండి. ఉంటే మంచి షాపే. లేకపోతే మూలల జోలికి పోవద్దని ముందే చెప్పండి.

చివర మైనం. పైన పూసే పొర ఇదొక్కటే. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం ఇందుకు పేరుమోసింది. రెండు మూడు నెలలు నిలుస్తుంది. సిరామిక్ కోటింగ్ అని వేలకు వేలు చెబుతుంటారు. అది మంచిదే కానీ మసకను పోగొట్టదు. ఉన్నదాన్ని ఉన్నట్టు మూసిపెడుతుంది. మసక మీద వేయిస్తే మసకే పదిలంగా ఉంటుంది! డీజిల్ గుడ్డ, కిరోసిన్, కొబ్బరినూనె.. ఇవన్నీ రెండు రోజుల ముచ్చట. ఆ తర్వాత దుమ్మంతా దాని మీదే.

పూజ రోజు బానెట్ మీద పెట్టే పసుపు, కుంకుమ, గంధం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మైనం లేని ఎండిన రంగు అవి పెట్టగానే పీల్చేసుకుంటుంది. మరక పోదు. బొట్టు నంబరు ప్లేటుకు పెట్టండి, అద్దానికి పెట్టండి. సాయంత్రానికి తుడిచేయండి. అమ్మవారేమీ అనుకోదు.

టూవీలర్లకు ఇదే వైద్యం, కాకపోతే ట్యాంకు మీద స్టిక్కర్లుంటాయి. వాటి అంచుల దగ్గర రుద్దితే లేస్తాయి. ట్యాంకు మూత చుట్టూ తెల్లబడిందంటే పెట్రోలు పొంగి కారిన గుర్తు. నల్ల ప్లాస్టిక్ మడ్‌గార్డులకు పాలిష్ పెట్టకూడదు, తెల్లటి చారలు పడతాయి. సింథటిక్ ఎనామెల్ కొట్టిన పాత టెంపోలు, లారీల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. దాని మెరుపు కొద్దికాలమే.

గన్ పట్టేవాడి ఊపిరి

రంగు కొట్టించక తప్పని బళ్లూ ఉంటాయి. అప్పుడు బేరం ధర దగ్గరే ఆపకండి. షెడ్డులో గన్ పట్టే కుర్రాడి ముఖానికి ఏముందో కూడా చూడండి. ఇప్పుడు వాడే పెయింటులో చాలావరకు హార్డనర్ కలిపి కొట్టే టూకే రకం. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. తుంపర రూపంలో పీలిస్తే ఆస్తమా తెచ్చిపెడతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక, ఆ తర్వాత కొంచెం పీల్చినా ఊపిరి ఆడదు. ఆ పనే మానుకోవాల్సి వస్తుంది. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దీన్ని ఆపలేదు. మామూలు దుమ్ము మాస్కూ ఆపలేదు. బయటి నుంచి పైపుతో మంచి గాలి అందించే మాస్కు కావాలి, గాలిని లాగేసే బూత్ ఉండాలి. 'తక్కువలో చేసేస్తాం' అనే చోట ముందు తగ్గేది ఇవే. ఈ షెడ్లలో తెలుగు మాట బాగానే వినిపిస్తుంది. మన ఊళ్ల పిల్లలు ఎవరైనా ఈ పని నేర్చుకుంటుంటే ఇంట్లోవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, మాస్కు గురించి.

పాత రంగును పొడిగా గీకడమూ ప్రమాదమే. పసుపు, నారింజ రంగు పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. అది ఇంటి రంగులకు, బండి రంగులకు కాదు. కాబట్టి వాటర్ పేపరుతో తడిపి రుద్దడమే మేలు. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.

రంగు కొట్టించబోయే చోట ముందే సిలికాన్ పాలిష్‌లు పూసి ఉంటే మేస్త్రీకి తప్పకుండా చెప్పండి. ఆ జిడ్డు మీద కొత్త రంగు అంటక చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. పని రెండుసార్లవుతుంది, గొడవ మూడుసార్లవుతుంది.

కొనేవారూ జాగ్రత్త

మీరు సెకండ్‌హ్యాండ్ బండి కొనబోతున్నారనుకోండి. నూనె గ్లేజ్ పూసిన బండి ఆ రోజు అద్దంలా ఉంటుంది. రెండు మూడు వాష్‌లకు అసలు రూపం బయటపడుతుంది. అందుకని బేరం ఖాయం చేసేముందు మీ కళ్లముందే షాంపూతో కడిగించి, ఆరనిచ్చి చూడండి. ఆ పది నిమిషాలు ఆగలేనన్నవాడి దగ్గర కొనకపోతేనే నయం.

కన్నడంలో రంగును 'బణ్ణ' అంటారు, మనం 'వన్నె' అంటాం. రెండూ వర్ణం నుంచి పుట్టిన మాటలే. ఆర్‌టీవో కార్యాలయంలో మాత్రం దీనికి ఒకటే లెక్క. మీ ఆర్‌సీలో ఏ రంగు రాసి ఉందో బండి ఆ రంగులోనే ఉండాలి. ఉన్న రంగుకే మెరుపు తెప్పించుకున్నా, అదే రంగు మళ్లీ కొట్టించినా ఎవరినీ అడగనక్కర్లేదు. ఎలాగూ కొట్టిస్తున్నాం కదా, తెలుపు తీసి నీలం చేద్దామనుకుంటే మాత్రం ముందు ఆర్‌టీవోకు దరఖాస్తు పెట్టి, ఆర్‌సీలో మార్పు రాయించుకోవాలి. లేకపోతే అత్తిబెలె దాటి సంక్రాంతికి ఊరెళ్లే దారిలో ఏ చెక్‌పోస్టులోనైనా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.